వెనక నడిచే గైడమ్మ

పోయిన నెల అనంతపురం బస్టాండులో, నేను ఒకప్పుడు పనిచేసిన స్కూలు లెక్కల సారు కనిపించాడు. కళ్యాణదుర్గం బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఇద్దరి షుగరు గురించీ, ఈసారి కూడా ముఖం చాటేసిన వాన గురించీ, చెనక్కాయల ధర గురించీ మాట్లాడుకున్నాం. బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "గైడమ్మ సచ్చిపోయింది, తెలుసునా సార్?" అన్నాడు. ఎప్పుడు, ఎట్లా అని అడిగేలోపలే వెనకున్న జనం ఆయన్ని లోపలికి తోసేశారు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. "నిమ్మకాయలామేనా?" అంది. మా ఇంట్లో ఆమెకు అదే పేరు.

ఆమె అసలు పేరు నాకు తెలుసు కానీ రాయను. ఆ ఊరి పేరు కూడా రాయను. మా జిల్లాలో కొండ మీద కోట, కొండ కింద పాడుబడిన బజారు ఉన్న ఊళ్ళు నాలుగైదు ఉన్నాయి, వాటిలో ఒకటి అనుకోండి. ఆమె కూతురు, మనవళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళకు పడాల్సిన మాటలు ఇప్పటికే పడ్డాయి.

తొంభైల చివర్లో నన్ను ఆ ఊరి హైస్కూలుకు సోషల్ టీచరుగా వేశారు. నాది పామిడి. పెన్న ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి, అంటే నీళ్ళ కంటే ఇసుకనే ఎక్కువ చూసినవాణ్ణి. కొత్త ఊళ్ళో చేరిన మొదటి ఆదివారం మా ఆవిడ సంతకు పంపింది. వంకాయలు, మిరపకాయలు, నిమ్మకాయలు తీసుకుని తిరిగి వస్తూ, దారిలో కోట వాకిలి కనబడితే లోపలికి అడుగుపెట్టాను. సోషల్ చెప్పేవాడికి ఆ మాత్రం కుతూహలం ఉంటుంది కదా.

వాకిలి దాటితే పాతకోట. అదొక పేట. రాజుల కాలపు రాళ్ళు పెరికి కట్టుకున్న ఇళ్ళు, మధ్యమధ్య ఎవరూ పెరకలేక వదిలేసిన మండపాలు. చెక్కిన స్తంభాలకు మేకలు కట్టేసి ఉన్నాయి. ఒక ఇంటి ముందు బండరాయి మీద పూలహారం చెక్కి ఉంది, దాని మీద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తూ పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి గొంతు వినబడింది.

"ఎవురు నువ్వు?"

తిరిగి చూస్తే ఒక పొడుగాటి మనిషి. యాభై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చేతిలో పొడుగు చీపురు పట్టుకుని నిలబడింది. ఆమె నా ముఖం చూడటం లేదు. నా చేతులు చూస్తోంది. తర్వాత తర్వాత తెలిసింది, ఆమె ఎవరిని చూసినా ముందు చేతులే చూస్తుందని.

హైస్కూలుకు కొత్తగా వచ్చిన సోషల్ సారునని చెప్పాను. ఆమె ఆ మాట విననట్టే, సంచిలో ఏముందని అడిగింది. కూరగాయలన్నాను. తీసి చూపించమంది. ఆ అడగడంలో ఎంత అధికారం ఉందంటే, నేను మారుమాట లేకుండా సంచి కింద పెట్టి ఒక్కొక్కటే తీశాను. నిమ్మకాయలు కనబడగానే ఆమె చీపురు గోడకు ఆనించింది.

"నిమ్మకాయలేటికి?"

"ఊరగాయకమ్మా."

"ఆరు కాయలకు ఊరగాయ ఎవురు పెడతారప్పా?"

నిజానికి మా ఆవిడ ఎందుకు తెమ్మందో నాకే తెలియదు. ఆమె వంకాయలన్నీ తిరిగి సంచిలో వేసి, నిమ్మకాయలు నా చేతికే ఇచ్చి, వాకిలి బయటిదాకా నా వెనకే నడిచి వచ్చి పంపించింది.

మరునాడు హెడ్మాస్టరు పిలిచి నవ్వుతూ చెప్పాడు. పొద్దున్నే ఆమె స్కూలుకు వచ్చిందట. ఫలానా పోలికల మనిషి నిజంగా బడి అయివారేనా, ఆర్డరు కాగితం మీరు మీ కండ్లతో చూసినారా అని అడిగి, చూశానని ఆయన చెప్పాక గానీ వెళ్ళలేదట.

కోట ఉన్న ఊళ్ళలో ఉండే బెడద నాకు అప్పుడు తెలిసివచ్చింది. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు మా సీమలో కొదవలేదు. వానలు లేక చేలు ఎండిన ఏడు మరీ ఎక్కువ. నంది కింద ఉందని నందిని పెళ్ళగిస్తారు, దేవుడి బొడ్డులో ఉందని బొడ్డు తొలుస్తారు. తవ్వేముందు పూజ చేస్తారు, పూజకు నిమ్మకాయలు కావాలి. అందుకని ఆమెకు నిమ్మకాయ పట్టుకున్న ప్రతివాడూ దొంగే.

కోట బాగోగులు చూసే ఆఫీసులో ఆమెది ఊడ్చే పని. గైడు పని ఎవరూ ఇచ్చింది కాదు, తనే నెత్తినేసుకుంది. అంతకుముందు ఆమె భర్త అక్కడ కావలి మనిషి. ఒక ముసురు పట్టిన రాత్రి కాపలా కాస్తుండగా పాతగోడ విరిగి మీద పడి చనిపోయాడు. ఆయన పోయాక ఆ ఆఫీసువాళ్ళు జాలిపడి ఈమెకు పని ఇచ్చారు. ఊళ్ళో ఆయన మాట వస్తే ఎవరైనా కొంచెం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. కోట కోసం ప్రాణం ఇచ్చిన మనిషి అనేవాళ్ళు.

ఆమె గురించి మాత్రం అంత మంచి మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. కోట చూడటానికి వచ్చినవాళ్ళను గంటన్నరసేపు తిప్పి చూపించేది, ఒక్క పైసా పుచ్చుకునేది కాదు. ఎవరైనా ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఊరికి అదే అనుమానం. స్టాఫురూములో లెక్కల సారు దాన్ని లెక్క తేల్చినట్టు తేల్చేవాడు. ఊరికే ఎవరూ ఎండలో తిరగరు సార్, దుడ్లు వద్దంటాందంటే ఇంకో పక్కనుంచి వస్తాండాయని అర్థం, యాడ తవ్వల్లో ఆమె చెప్తే ఈ దొంగలు తవ్వతాండారు అనేవాడు. నేను కాదనలేదు. నా సంచి బోర్లించిన మనిషి మీద నాకు కూడా కొంచెం కసి ఉండింది.

ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని పాతకోట చూపించడానికి తీసుకుపోవడం ఆ స్కూల్లో ఆనవాయితీ. ఆ పని నామీద పడింది. ఆమె లేకుండా పాతకోటలో ఎవరూ తిరగలేరు కాబట్టి ఆమెనే అడిగాను. సరేనంది. అంతకు మించి మాట్లాడలేదు.

గైడంటే ముందు నడుస్తాడని మనమంతా అనుకుంటాం. ఆమె వెనక నడిచేది. మమ్మల్ని ముందు పోనిచ్చి, పది అడుగుల వెనక నుంచి గొంతుతోనే తోలేది. ఎడమకు తిరగండి. నిలబడండి. తలెత్తండి. ఎందుకమ్మా వెనక అని అడిగితే, ముందు నడిస్తే మీ చేతులు కనపడవు కదా అంది. పిల్లలందర్నీ చేతులు వెనక్కి కట్టుకుని నడవమనేది. ఎవరైనా ఒక బొమ్మను ముట్టుకోబోతే చాలు, "చూసేదానికి కండ్లు చాలు, చేతులేటికి?" అనే మాట వీపుకు తగిలేది. నేను ఒక స్తంభానికి ఆనుకున్నప్పుడు నాకూ అదే మాట తగిలింది.

కానీ ఆమె చెబుతుంటే వినాలి. రాజుల పేర్లు ఒక్కటీ చెప్పేది కాదు. బావి దగ్గర నిలబెట్టి, అంచు రాతి మీద తాడు ఒరిపిడికి పడిన గాళ్ళు చూపించేది. రాతిలో నాలుగు వేళ్ళ లోతు. ఎందరు ఆడోళ్ళు ఎన్నేండ్లు చేదితే ఇంత లోతు పడుతుందో మీ అమ్మల్ని అడగండి అనేది. బజారు మధ్యలో నేలకు పాతిన ఒక గుండ్రటి రాతి తొట్టి ఉంది. అది గింజలు కొలిచే రాయి. కొలిచేవాడు మోసం చేస్తాడేమోనని కొలతనే రాతిలో చెక్కి నడిబజారులో పాతినారు, అంటే ఆ కాలంలోనూ ఎవురూ ఎవుర్నీ నమ్మలేదు అని చెప్పి, ఆ ఒక్క చోట మాత్రం కొంచెం నవ్వేది. నేను బీయీడీ చదివి చెప్పలేని పాఠం అది. మనసులో ఒప్పుకున్నాను, పైకి ఒప్పుకోలేదు.

మహలు అరుగు చుట్టూ ఏనుగులు చెక్కి ఉన్నాయి. పదకొండు. తిప్పడం అయిపోయి అందర్నీ వాకిలి దాటించాక ఆమె వెనక్కి పోయి వాటిని ఒకసారి లెక్కపెట్టుకునేది. ఏనుగుల్ని ఎవరు ఎత్తుకుపోతారని నేను ఒకసారి ఎగతాళి చేశాను. పన్నెండు ఉండేవి అయివారూ అంది.

నిధుల మాట ఎత్తితే ఇక అంతే. ఒకసారి బెంగళూరు నుంచి కారులో ఒక కుటుంబం వచ్చింది. ముసలాయన, కొడుకు, కోడలు, అందరూ మర్యాదస్తులే. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. సగం దారిలో ఆ కొడుకు సరదాకి, ఇక్కడ బంగారం ఉందంటారు నిజమేనా అని అడిగాడు. ఆమె ఆగిపోయింది. చూపించేది అయిపోయింది, పోండి అంది. ఇంకా మహలు చూడలేదమ్మా అని కోడలు బతిమాలింది. ఆమె కదలలేదు. వాళ్ళు కారెక్కి వెళ్ళేదాకా నిలబడి, కారు నంబరు చూసి, నన్ను రాసుకోమంది. నేను రాసుకున్నాను. ఏం చేయాలో తెలియక ఆ కాగితం చాలా రోజులు జేబులోనే పెట్టుకున్నాను.

ఇట్లా రెండు మూడేళ్ళు ఆమెతో తిరిగాక నేనొక సంగతి గమనించాను. పాత బజారు చివర గానుగ సందు అని ఒకటుంది. దాని లోపల ఒక చిన్న మండపం, పక్కన ఒక పాడుబావి ఉన్నాయని పిల్లలు చెప్పేవాళ్ళు. ఆమె ఏనాడూ మమ్మల్ని ఆ సందులోకి తీసుకుపోలేదు. పైగా, దారంతా వెనక నడిచే మనిషి, ఆ సందు దగ్గరకొచ్చేసరికి గబగబా మమ్మల్ని దాటి ముందుకొచ్చి, సందు మొదట్లో అడ్డంగా నిలబడేది. ఎదురుగోడ మీద చేప బొమ్మ ఉంది, అది చూడండి అనేది. మేమంతా చేపను చూస్తుంటే ఆమె మా వెనక సందును మూసేసి నిలబడి ఉండేది. లోపల ఏముందమ్మా అని ఒకసారి అడిగాను. ఏం లేదు, కంపచెట్లు అంది. అంత ముక్తసరిగా ఆమె ఏ రాయి గురించీ చెప్పి ఎరగదు.

నా బుర్రలో పురుగు దొలిచింది. లెక్కల సారు మాటలు, ఈ సందు, డబ్బు పుచ్చుకోకపోవడం, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆమె నన్ను అనుమానించినంత శ్రద్ధగా నేనూ ఆమెను అనుమానించడం మొదలుపెట్టాను. ఏనుగులు చూస్తున్నట్టు నటిస్తూ ఆమెను చూసేవాణ్ణి. ఆమె ఎవరితో మాట్లాడుతోంది, ఎటు పోతోంది అని. ఆమెకు తెలిసే ఉంటుంది. ఆమెకు తెలియకుండా పాతకోటలో ఎవరి చూపూ తిరగదు.

ఒక సోమవారం పొద్దున ప్రార్థన కూడా కాకముందే వార్త వచ్చింది. గానుగ సందు మండపాన్ని రాత్రి ఎవరో తవ్వారు. నడుములోతు గుంత. మండపం స్తంభం ఒకటి విరిగి పడింది. గుంత పక్కన కోసిన నిమ్మకాయలు, కుంకుమ.

మధ్యాహ్నానికి ఎస్సై స్కూలుకు వచ్చాడు. పాతకోటకు తరచూ పోయేవాళ్ళెవరని హెడ్మాస్టరును అడిగితే ఆయన నన్ను పిలిపించాడు. ఎస్సై కుర్రవాడు, మర్యాదగానే అడిగాడు. ఎవరిమీదైనా అనుమానం ఉందా సార్ అన్నాడు. నేను చెప్పాను. ఆమె ఆ సందులోకి ఎవర్నీ పోనివ్వదని, అడ్డంగా నిలబడుతుందని, అడిగితే మాట దాటేస్తుందని. చెబుతున్నప్పుడు నాకేమీ బాధ కలగలేదు. నిజం దాచకూడదు. పైగా, ఇది నేనొక్కడినే కనిపెట్టానని లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది. ఆ గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే రాస్తున్నాను.

ఆమెను స్టేషనుకు పిలిపించారు. సాయంత్రం స్కూలు వదిలాక పిల్లలు వచ్చి చెప్పారు, గైడమ్మ స్టేషను వరండాలో కింద కూర్చోనుండాది సార్ అని. మా ఇంటి దారి స్టేషను ముందు నుంచే. నేను ఆ రోజు చుట్టు తిరిగి, రైలు గేటు మీదుగా ఇంటికి పోయాను. పొద్దుగూకే వేళ కోట ఆఫీసు పెద్ద ఎవరో వచ్చి మాట్లాడితే పంపించారట.

తర్వాత పదిరోజులకు దొంగలు దొరికారు. కదిరి అవతల ఒక పాడుబడిన గుడి దగ్గర, గడ్డపారలతో సహా. నలుగురు, ఎవరూ మా ఊరివాళ్ళు కారు. అంతకుముందు తవ్విన చోట్లన్నీ వాళ్ళే చెప్పారు. గానుగ సందు ఎట్లా తెలిసిందిరా అని అడిగితే వాళ్ళు చెప్పిన జవాబు ఊరంతా పాకింది. అక్కడ కావలి మనిషి ప్రాణం పోగొట్టుకున్నాడని విన్నామనీ, ఉత్త రాళ్ళ కోసం ఎవరూ ప్రాణం ఇవ్వరు కదా, కింద ఏదో ఉండబట్టే ఇచ్చి ఉంటాడనీ.

ఆ ఆదివారం పొద్దున ఆమె మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. మా ఆవిడ కాఫీ ఇస్తానన్నా వద్దంది. చెప్పులేసుకో అయివారూ, పోదాం అంది. నేను చెప్పులేసుకుని బయల్దేరాను. ఆమె ముందు నడిచింది. నా చేతుల వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. బజారు దాటి, చేప బొమ్మ దాటి, నేరుగా గానుగ సందులోకి పోయింది. వెనక నేను.

కంపచెట్లు నిజంగానే ఉన్నాయి. వాటి మధ్య మండపం, విరిగి పడిన స్తంభం, గుంత చుట్టూ ఎండిన మట్టి. ఆ అవతల ఎప్పుడో విరిగిన ఒక మొండిగోడ. నేను ఇక ఉగ్గబట్టుకోలేక చెప్పేశాను. ఎస్సైకి నీమీద చెప్పింది నేనేనమ్మా అని.

"తెలుసు. ఎస్సైనే చెప్పినాడు, మీ అయివారే అన్నాడని." ఆమె గుంత అంచున కూర్చుంది. "నువ్వు అనుమానపడినావు. మంచిపనే చేసినావు. నేను పడలేదు."

ఎవరిని అని అడిగాను. ఆమె మొండిగోడ వైపు చూపించింది.

అప్పుడు చెప్పింది. భర్త వరసగా మూడు రాత్రులు కాపలాకని అన్నం తిని బయల్దేరాడు. ముసురులో కూడా డ్యూటీ మానని మనిషని ఆమె లోపల మురిసిపోయింది. మూడో రాత్రి తిరిగి రాలేదు. తెల్లవారుతుండగా చూడటానికి వచ్చింది. గోడ పునాది కింద గుంత. గుంత మీద గోడ. రాళ్ళ కింద నుంచి చెయ్యి ఒక్కటే బయటికి ఉంది. పక్కన గడ్డపార, గంపలో నిమ్మకాయలు. ఆయన ఆ మూడు రాత్రులూ కాపలా కాయలేదు, తవ్వాడు.

"పన్నెండేండ్లు కాపురం చేసినా అయివారూ. ఆయప్ప చేతుల్లో మట్టి ఉంటే, కావలోని చేతులు కదా అనుకున్న్యా. ముందు గడ్డపార, నిమ్మకాయలు ఆ బాయిలో ఏసినా. ఆ తర్వాతే ఏడ్సినా."

ఆ ఏడుపు విని జనం వచ్చారు. కాపలా కాస్తూ పోయాడు అన్నది ఆమె కాదు, వచ్చినవాళ్ళే అన్నారు. ఆమె కాదనలేదు, అంతే. ఆ మాట మీదనే ఆమెకు పని వచ్చింది. ఆ పని మీదనే కూతురి పెళ్ళి చేసింది.

ఇవన్నీ ఇప్పుడెందుకు తవ్వుకోవడం అనబోయి, ఆ మాట నోటికి రాకుండా ఆపుకున్నాను. ఆమె పడిన స్తంభాన్ని చేత్తో తడిమింది. ఆమె ఒక రాతిని ముట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

"ఆయప్ప పేరు కాపాడుకుంటా ఇది పడగొట్టుకున్న్యా. నేను నోరు తెరవకపోతే ఇంకొగడు వస్తాడు, ఇంకోటి పడగొడతాడు. ఈ బుధారం నీ పిల్లోళ్ళను పిల్చకరా."

పిల్లలెందుకు, ఎస్సైకి చెప్పు చాలు అన్నాను. పెద్దవాళ్ళకు చెబితే నమ్మరు, ఇంకేదో దాస్తాండాది అంటారు అంది. పిల్లలైతే ఇంటికి పోయి విన్నది విన్నట్టు చెబుతారట. పని పోతుంది, ఆలోచించుకో అన్నాను. ఆయన పేరు పోతుంది అని కూడా అన్నాను. ఆమె లేచి చీర మట్టి దులుపుకుంది. "పోతే పోనీ" అంది. రెండింటికీ అదే జవాబు.

ఆ తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. మూడు నెలల్లో ఆఫీసువాళ్ళు విచారణ చేసి ఆమె చేతిలోంచి చీపురు తీసుకున్నారు. కూతురు ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ కావలి మనిషి మాట వస్తే గొంతు తగ్గించినవాళ్ళే ఉమ్మేసి మాట్లాడారు. మా లెక్కల సారు అయితే, ఇదంతా నాటకం సార్, ఏమీ లేదని ఆమె ఇంత గట్టిగా అంటాందంటే ఇంకెంతో ఉండాదని అర్థం అన్నాడు. కానీ నాకు బదిలీ అయ్యేదాకా గానుగ సందులో మళ్ళీ గడ్డపార దిగలేదు. ఆమె చెనక్కాయలు వలిచే కూలికి పోతూనే, సెలవు దినాల్లో వచ్చినవాళ్ళను పాతకోట తిప్పుతూనే ఉంది. నన్ను ముందు నడవమనడం మాత్రం మానలేదు. నేనూ చేతులు వెనక్కి కట్టుకోవడం మానలేదు.

ఆ బుధవారం పొద్దున ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకుపోయాను. అన్నీ ఎప్పటిలాగే చూపించింది. బావి గాళ్ళు, కొలత రాయి, ఏనుగులు. బజారు చివరకొచ్చాక చేప బొమ్మ దగ్గర ఆగనివ్వలేదు. కుడికి తిరగండి అంది. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత నన్ను చూశారు. నేను తల ఊపాను. కంపచెట్లు తప్పించుకుంటూ అందరూ మొండిగోడ చుట్టూ నిలబడ్డాక, ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. కొలత రాయి గురించి చెప్పిన గొంతుతోనే చెప్పింది. ఈడ మా ఆయప్ప కావలి ఉండె. కావలి ఉండి ఆయప్పే తవ్వినాడు. మూడు రాత్రులు తవ్వినాడు. గోడ మీద పడి సచ్చిపోయినాడు. అందరూ మంచోడన్నారు, నేను ఊరికే ఉంటి. నాది తప్పు.

ఒక అమ్మాయి, సన్నటి జడల పిల్ల, చెయ్యి పైకెత్తింది, క్లాసులో ఎత్తినట్టు.

"ఏమన్నా దొరికిందా అవ్వా?"

నేను ఆ పిల్లను వారించబోయాను. ఆమె నన్ను చేత్తోనే ఆపింది. అడగాల్సిన మాట అడిగినావు అన్నట్టు ఆ పిల్ల ముఖంలోకి, చేతుల వైపు కాదు, నేరుగా ముఖంలోకి చూసింది.

"దొరికింది పాపా," అంది. "మా ఆయప్ప దొరికినాడు. ఆయప్ప కింద ఉత్త మన్నే ఉండె."

తర్వాత, ఎండ ఎక్కతాంది, పదండి అని పిల్లల్ని ముందుకు నడిపించింది.